బఫర్ ఫైలు నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు వర్షపాతం తీయడం: ‘మూడు గంటల్లో అంత వానా?’ అన్న సందేహానికి సమాధానం

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. మిచౌంగ్ తుపాను రోజులకు, అంటే 2023 డిసెంబరు 3 నుంచి 6 వరకు, భూతల కేంద్రాల పరిశీలనలున్న బఫర్ ఫైళ్లు (వాతావరణ పరిశీలనలను బిట్ల రూపంలో పంపుకునే ఫార్మాట్) మీ దగ్గర ఉన్నాయి. వాటి నుంచి నెల్లూరు (43245), కావలి (43243), ఒంగోలు (43221) కేంద్రాల వర్షం, గాలి, పీడనం మాత్రమే వేరు చేసుకోవాలని ఆ ఫైళ్లను విప్పే ఈసీకోడ్స్ సాఫ్ట్‌వేర్‌లోని బఫర్_ఫిల్టర్ సాధనానికి ఒక రూల్స్ ఫైలు (ఏ విలువలు ప్రింట్ చేయాలో చెప్పే సూచనలు) రాశారు. అందులో మొదటి వర్షం విలువను, దాని పక్కనే మొదటి కాలవ్యవధి విలువను ప్రింట్ చేయించారు. ఫలితంలో కొన్ని చోట్ల మూడు గంటల్లోనే నమ్మశక్యం కానంత వాన కనిపిస్తోంది. మరికొన్ని చోట్ల మైనస్ 0.1 అని, ఇంకొన్ని చోట్ల మైనస్ గుర్తుతో అంతులేని సంఖ్య అని వస్తోంది. పైగా ఉదయం ఎనిమిదిన్నర పరిశీలనలు అసలే కనిపించడం లేదు. ‘ఫైలు పాడైందా, సాధనంలో లోపమా?’ అన్నది మీ ప్రశ్న.

మీరు వివరించిన లక్షణాలన్నిటికీ కారణం మీ రూల్స్ ఫైలులోనే ఉంది కనుక, ఫైలునూ సాధనాన్నీ అనుమానించనక్కర లేదు. మీరు విలువను వరుస సంఖ్య చూసి ఏరుతున్నారు. బఫర్‌లో విలువను ఏరవలసింది దానికి ముందు వచ్చి దానికి అర్థం కల్పించే విలువలను చూసి. (కమాండ్ల పేర్లను, కీల పేర్లను, అంటే ఒక్కో విలువకు ఈసీకోడ్స్ పెట్టిన పేర్లను, ఇక్కడ పలికినట్లుగా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని మామూలుగా ఆంగ్ల అక్షరాలతోనే టైప్ చేయాలి.)

ముందు ఆ మూడు గంటల వాన సంగతి చూద్దాం. స్థిర భూతల కేంద్రాలు నిర్ణీత వేళల్లో పంపే సినాప్ అనే వాతావరణ నివేదికకు ప్రపంచ వాతావరణ సంస్థ ఇచ్చిన సాధారణ నమూనా సంఖ్య 307080. ఈ ఒక్క సంఖ్యను విప్పితే లోపల పదుల కొద్దీ మూలకాలు ఒక నిర్ణీత క్రమంలో వస్తాయి. గంటల్లో కాలవ్యవధిని చెప్పే మూలకం 004024, దాని కీ పేరు టైమ్‌పీరియడ్. ఆ నమూనాలో ఇది మొదటిసారి వచ్చేది వర్షం దగ్గర కాదు, గత వాతావరణ స్థితి దగ్గర. ఆ తర్వాత సూర్యకాంతి వ్యవధి కోసం రెండుసార్లు వస్తుంది. అవి దాటాకే వర్షం వంతు వస్తుంది, అక్కడ మళ్లీ రెండు జతలు ఉంటాయి: ఒక వ్యవధి, ఆ వ్యవధిలో కురిసిన వాన, ఇంకో వ్యవధి, ఆ వ్యవధిలో కురిసిన వాన. అంటే ఒకే కేంద్రం ఉన్న సందేశంలో మొదటి వర్షం విలువకు జోడు నాలుగో టైమ్‌పీరియడ్, రెండో వర్షం విలువకు జోడు అయిదోది. మీరు మొదటి వర్షానికి మొదటి టైమ్‌పీరియడ్‌ను జోడించారు. మధ్యంతర పరిశీలన వేళల్లో గత వాతావరణ స్థితి మూడు గంటలకు చెబుతారు కాబట్టి అక్కడ మైనస్ 3 ఉంటుంది. ఇరవై నాలుగు గంటల వాన పక్కన ఆ మైనస్ 3 వచ్చి కూర్చుంది, అంతే. వ్యవధి మైనస్‌లో ఉండడం ‘ఇంతకు ముందు గంటల్లో’ అన్న అర్థంలోనే, అది లోపం కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. నిమిషాల్లో వ్యవధిని చెప్పే మూలకం 004025కూ ఈసీకోడ్స్ టైమ్‌పీరియడ్ అనే పేరే పెట్టింది. గాలి దగ్గర కనిపించే మైనస్ 10 పది నిమిషాలే కానీ పది గంటలు కాదు. అందుకే రూల్స్ ఫైలులో కీ పేరు తర్వాత బాణం గుర్తు పెట్టి ‘యూనిట్స్’ అనే లక్షణాన్ని కూడా ప్రింట్ చేయించడం అలవాటు చేసుకోండి. అదే బాణంతో ‘కోడ్’ అని అడిగితే మూలకం సంఖ్యే వస్తుంది.

నాలుగు, అయిదు అని వరుస సంఖ్యలు మార్చుకుంటే మీ పని ఇవాళ్టికి గట్టెక్కుతుంది కానీ, దాన్ని నేను సిఫారసు చేయను. అన్ని కేంద్రాలూ ఒకే నమూనా వాడాలన్న నియమం లేదు, స్వయంచాలిత కేంద్రాల నమూనాలు వేరుగా ఉంటాయి. ఒకే సందేశంలో పలు కేంద్రాలు సబ్‌సెట్లుగా ఉండి, అవి కుదించని రూపంలో ఉంటే వరుస సంఖ్యలు ఒక సబ్‌సెట్ నుంచి తర్వాతి సబ్‌సెట్‌కు కొనసాగుతూ పోతాయి, మళ్లీ ఒకటి నుంచి మొదలు కావు. నేను వాడే పద్ధతి ఇంతకన్నా మొరటుగా ఉంటుంది కానీ నమూనా మారినా పట్టు తప్పదు. బఫర్_డంప్‌ను మైనస్ పీ ఆప్షన్‌తో నడిపితే ప్రతి కీ ఒక్కో వరుసలో, సందేశంలో ఉన్న క్రమంలోనే, ‘పేరు = విలువ’ రూపంలో వస్తుంది. ఆ ఔట్‌పుట్‌ను పైపు గుర్తుతో ఆక్ అనే కమాండ్‌కు (వరుసలవారీగా పాఠాన్ని చదివే సాధనం) అందించి చిన్న ప్రోగ్రాం రాయాలి. బ్లాక్‌నంబర్, స్టేషన్‌నంబర్ వరుసలు వచ్చినప్పుడు వాటిని గుర్తు పెట్టుకోవాలి. టైమ్‌పీరియడ్ వరుస వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని చెరిపి కొత్తదాన్ని ఉంచుకోవాలి. టోటల్‌ప్రెసిపిటేషన్‌ఆర్‌టోటల్‌వాటర్‌ఈక్వివలెంట్ అనే వరుస రాగానే (ఆ పేరు పెట్టినవారికి టైపింగ్ మీద జాలి లేదు) కేంద్రం, చివరిగా చూసిన వ్యవధి, వర్షం విలువ మూడూ కలిపి ఒక వరుసగా ప్రింట్ చేయాలి. కీ పేరుకు ముందు రెండు హ్యాష్ గుర్తుల మధ్య వచ్చే వరుస సంఖ్యను పట్టించుకోకుండా పేరును మాత్రమే పోల్చాలి. కొత్త సబ్‌సెట్ మొదలైనప్పుడు దాచుకున్నవన్నీ ఖాళీ చేయాలి. ఇదంతా కలిపి ఏడెనిమిది వరుసలకు మించదు.

అలా వచ్చిన జాబితా నుంచి వ్యవధి మైనస్ 24 ఉన్న వరుసలను మాత్రమే తీసుకుంటే రోజు వర్షపాతం వస్తుంది. గత ఇరవై నాలుగు గంటల వర్షానికి 013023 అనే ప్రత్యేక మూలకం కూడా ఆ నమూనాలోనే ఉంది, దాని కీ టోటల్‌ప్రెసిపిటేషన్‌పాస్ట్24అవర్స్. ఒక కేంద్రం ఆ విలువను ఇక్కడ నింపవచ్చు, ఇంకొకటి అక్కడ నింపవచ్చు, కనుక రెండింటినీ తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండూ ఉండి సరిపోలితే ఒకటి ఉంచుకోవాలి కానీ కూడకూడదు.

సందేశం కుదించిన రూపంలో ఉంటే, అంటే కంప్రెస్డ్‌డేటా కీ విలువ 1 అయితే, ఒక్కో కీకి ఒక్క విలువ కాకుండా సబ్‌సెట్లన్నిటి విలువలూ కలిపి ఒక జాబితాగా వస్తాయి, అప్పుడు పై పద్ధతి నేరుగా పనికిరాదు. అలాంటి సందేశాలను ముందు వేరు చేసి, నంబర్‌ఆఫ్‌సబ్‌సెట్స్ ఎంతో చూసి, బఫర్_డంప్‌కు పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఒక్కో సబ్‌సెట్ సంఖ్య ఇస్తూ షెల్‌లో చిన్న లూప్ నడపండి.

ఇప్పుడు ఆ మైనస్ 0.1, ఆ అంతులేని సంఖ్య ఎక్కడివో చూద్దాం. దీనికి బిట్ల స్థాయికి దిగక తప్పదు, కానీ ఒకసారి చూస్తే మళ్లీ మరచిపోరు. బఫర్‌లో విలువలు అక్షరాలుగా ఉండవు. ప్రతి మూలకానికీ ‘బి’ పట్టికలో మూడు అంకెలు రాసి ఉంటాయి: స్కేలు, ఆధార సంఖ్య, బిట్ల వెడల్పు. ఫైలులో ఉన్న పూర్ణాంకానికి ఆధార సంఖ్యను కలిపి, పది యొక్క స్కేలు ఘాతంతో భాగిస్తే అసలు విలువ వస్తుంది. గాలి ఉష్ణోగ్రత 012101కు స్కేలు 2, ఆధారం 0, వెడల్పు 16 బిట్లు. నేను కూర్చిన ఒక ఉదాహరణ చెబుతాను: ఆ పదహారు బిట్లు 0111 0110 0110 1011 అయితే పూర్ణాంకం 30315, నూరుతో భాగిస్తే 303.15 కెల్విన్, అంటే సరిగ్గా 30 డిగ్రీల సెల్సియస్. వర్షం 013011కు స్కేలు 1, ఆధారం మైనస్ 1, వెడల్పు 14 బిట్లు. పూర్ణాంకం 346 అయితే 345ను పదితో భాగించి 34.5 మిల్లీమీటర్లు అని చదవాలి. పూర్ణాంకం 1 అయితే సున్నా వర్షం. పూర్ణాంకం 0 అయితే మైనస్ 0.1 వస్తుంది. కొలమానానికి అందని తుంపర పడిందని చెప్పడానికి ఆ విలువను ఉద్దేశపూర్వకంగానే కేటాయించారు. ఆధారం మైనస్ 1గా పెట్టడానికి కారణం కూడా అదే. కనుక దాన్ని లోపంగా భావించి ఆ వరుసను తీసేయకండి, అలాగని మొత్తాలు కూడేటప్పుడు యథాతథంగానూ కలపకండి. సున్నాగా మార్చి, పక్కన ‘తుంపర’ అని గుర్తు పెట్టుకోవడం మంచిది.

పద్నాలుగు బిట్లూ ఒకట్లే అయితే, అంటే 16383 అయితే, విలువ అందలేదని అర్థం. బఫర్_డంప్ మైనస్ పీ రూపంలో దాన్ని ‘మిస్సింగ్’ అని చూపుతుంది, జేసన్ రూపంలో ‘నల్’ అని చూపుతుంది. బఫర్_ఫిల్టర్‌లో ప్రింట్ చేయిస్తే మాత్రం దశాంశ విలువల దగ్గర మైనస్ ఒకటి పక్కన నూరు సున్నాలున్న సంఖ్య, పూర్ణాంకాల దగ్గర 2147483647 వస్తాయి. మీరు చూసినది మొదటిది. రూల్స్ ఫైలులో ‘ఇఫ్’ షరతు లోపల ‘మిస్సింగ్’ అనే పరీక్ష, కీ అసలు ఆ సందేశంలో ఉందో లేదో చెప్పే ‘డిఫైన్డ్’ అనే పరీక్ష ఉన్నాయి, వాటిని వాడండి. తుపాను రోజుల్లో ఇది కేవలం సాంకేతిక జాగ్రత్త కాదు. గాలి విపరీతంగా వీచే గంటల్లోనే కరెంటు పోతుంది, పరికరాలు ఆగిపోతాయి, లింకు తెగిపోతుంది. అందని విలువను సున్నాగా మార్చేస్తే వాన అత్యధికంగా పడిన పూట మీ గ్రాఫులో ఎండ కాసినట్లు కనిపిస్తుంది.

మూడో సమస్య, ఉదయం పరిశీలనలు మాయమవడం. మీ కమాండ్‌లో మైనస్ డబ్ల్యూ ఆప్షన్ కింద డేటాకేటగిరీ 0, ఇంటర్నేషనల్‌డేటాసబ్‌కేటగిరీ 2 అని పెట్టారు. కేటగిరీ 0 భూతల పరిశీలనలకు, అది సరైనదే. సబ్‌కేటగిరీ 2 మాత్రం ప్రధాన సినాప్టిక్ వేళలకు, అంటే సార్వత్రిక కాలమానం (యూటీసీ) ప్రకారం 00, 06, 12, 18 గంటలకు. మన కాలమానంలో అవి ఉదయం 5:30, 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30. మన దేశంలో రోజు వర్షపాతాన్ని లెక్కగట్టే ఉదయం 8:30 సార్వత్రిక కాలమానంలో 03 గంటలు, అది మధ్యంతర వేళ, దాని సబ్‌కేటగిరీ 1. ప్రపంచమంతటికీ ప్రధానమైనవి ఆ నాలుగు వేళలు కావచ్చు కానీ, మన వర్షం లెక్కకు అతి ముఖ్యమైన వేళ ఆ జల్లెడలో నుంచే జారిపోతోంది. షరతులో 1ని, 2ను మధ్యలో ఏటవాలు గీత పెట్టి రెండూ ఇవ్వండి. గంట గంటకూ వచ్చేవి కూడా కావాలంటే 0ను కలపండి.

తేదీ విషయంలోనూ ఇదే కాలమానం తికమక పెడుతుంది. తుపాను డిసెంబరు 5న మధ్యాహ్నం 12:30, 2:30 మధ్య బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది, అంటే సార్వత్రిక కాలమానంలో 07, 09 గంటల మధ్య. డిసెంబరు 5 ఉదయం 03 గంటల నివేదికలో ఉన్న ఇరవై నాలుగు గంటల వాన 4వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి కురిసినది. తీరం దాటే వేళ, ఆ తర్వాత పడిన వాన 6వ తేదీ నివేదికలో ఉంటుంది. ‘5వ తేదీ వాన’ అని మీ పట్టికలో రాసేటప్పుడు ఈ రెండింటిలో ఏది ఉద్దేశిస్తున్నారో శీర్షికలోనే స్పష్టం చేయండి.

వడపోత క్రమం గురించి ఒక మాట. ఫైలులోని ప్రతి సందేశాన్నీ పూర్తిగా విప్పి, ఆ తర్వాత కేంద్రం సంఖ్య చూసి వద్దనుకున్నవి పారేయడం వల్ల సమయం వృథా అవుతుంది. శీర్షిక భాగంలో ఉన్న కీలను చదవడానికి డేటా భాగాన్ని విప్పనక్కర లేదు. ముందు బఫర్_ఎల్ఎస్‌తో ఒకసారి పైపైన చూడండి. మైనస్ పీ తర్వాత బఫర్‌హెడర్‌సెంటర్, టిపికల్‌డేట్, టిపికల్‌టైమ్, నంబర్‌ఆఫ్‌సబ్‌సెట్స్, కంప్రెస్డ్‌డేటా అని కామాలతో ఇస్తే ఫైలులో ఏముందో ఒక పట్టికగా వస్తుంది. న్యూఢిల్లీ కేంద్రం సంకేత సంఖ్య 28. బఫర్_కాపీకి ఆ షరతు, కేటగిరీ షరతు ఇచ్చి చిన్న ఫైలు ఒకటి తయారు చేసుకుని, ‘సెట్ అన్‌ప్యాక్ = 1’ (డేటా భాగాన్ని విప్పమనే సూచన) అవసరమైన పనులన్నీ దాని మీదే చేయండి. ప్రపంచవ్యాప్త ఫైలు మీద నేరుగా పని చేయడానికీ దీనికీ వేగంలో ఎంత తేడా ఉందో మీకే కనిపిస్తుంది.

కేంద్రం సంఖ్యతో ఏరడం బాగానే ఉంటుంది కానీ రెండు చోట్ల దెబ్బ తింటారు. బ్లాక్ 43, స్టేషన్ 245 అన్నవి రెండు వేర్వేరు పూర్ణాంకాలు. వాటిని అక్షరాలుగా పక్కపక్కన అతికిస్తే నెల్లూరు బాగానే వస్తుంది, ముంబయి కొలాబా 43057 మాత్రం 4357గా మారుతుంది. బ్లాక్‌ను వెయ్యితో గుణించి స్టేషన్‌ను కలపండి. రెండోది, కొత్తగా వచ్చిన కేంద్రాలు కొన్నిటికి ఈ అయిదంకెల సంఖ్య ఉండకపోవచ్చు, వైగాస్ గుర్తింపు (ప్రపంచ వాతావరణ సంస్థ కొత్త కేంద్ర గుర్తింపు పద్ధతి) మాత్రమే ఉంటుంది. అందుకే జిల్లా అంతా కావాలన్నప్పుడు ప్రాంతాన్ని బట్టి ఏరడం మేలు. రూల్స్ ఫైలులో అన్‌ప్యాక్ చేశాక ఎక్స్‌ట్రాక్ట్‌ఏరియా పేరుతో మొదలయ్యే నాలుగు కీలకు ఉత్తరం 16.3, దక్షిణం 14, పడమర 78.7, తూర్పు 80.5 అని ఇచ్చి, డూఎక్స్‌ట్రాక్ట్‌ఏరియాను 1 చేయండి. ఎక్స్‌ట్రాక్టెడ్‌ఏరియానంబర్‌ఆఫ్‌సబ్‌సెట్స్ సున్నా కాకపోతేనే ‘రైట్’ చేయించండి. ఈ చట్రంలో నెల్లూరు, కావలి, ఒంగోలుతో పాటు మార్కాపురం వైపు కూడా వస్తుంది. తుపాను కదలికను కూడా చూడాలనుకుంటే తూర్పు హద్దును 81.5 వరకు జరిపి మచిలీపట్నాన్ని, దక్షిణ హద్దును 12.9 వరకు దించి చెన్నైని కలుపుకోండి. పీడనం ఎక్కడ ఎప్పుడు కనిష్ఠానికి చేరిందో పోల్చడానికి ఈ రెండూ ఉండాలి.

పీడనం, గాలి దగ్గర పెద్ద చిక్కులు లేవు. పీడనం పాస్కల్‌లలో ఉంటుంది, నూరుతో భాగిస్తే హెక్టోపాస్కల్ వస్తుంది. కేంద్రం ఎత్తులోని పీడనానికి నాన్‌కోఆర్డినేట్‌ప్రెషర్, సముద్రమట్టానికి సవరించిన దానికి ప్రెషర్‌రెడ్యూస్డ్‌టుమీన్‌సీలెవెల్ అని వేరు వేరు కీలు ఉన్నాయి. కేంద్రాలను పోల్చాలంటే రెండోదే వాడాలి. మన తీరం సుమారుగా సమతలమే అయినా ఇరవై మీటర్ల ఎత్తు తేడాకు రెండు హెక్టోపాస్కల్‌లకు పైగా తేడా వస్తుంది. గాలి వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది, 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. సగటు వేగం, ఈదురు వేగం (కొద్ది క్షణాల పాటు ఉధృతంగా వీచే గాలి వేగం) వేర్వేరు కీలు. ఈదురు వేగానికి ముందు కూడా ఒక వ్యవధి ఉంటుంది, వర్షానికి చెప్పిన జాగ్రత్తే దానికీ వర్తిస్తుంది.

ఒకే కేంద్రం, ఒకే వేళకు రెండు నివేదికలు రావడం మామూలే. ఒక సందేశాన్ని సరిదిద్ది మళ్లీ పంపితే శీర్షికలోని అప్‌డేట్‌సీక్వెన్స్‌నంబర్ పెరుగుతుంది, పెద్ద సంఖ్య ఉన్నదాన్ని ఉంచుకోవాలి. సంఖ్య రెండింటిలోనూ ఒకటే ఉండి విలువలు కూడా ఒకటే అయితే ఒక ప్రతిని సార్ట్, యూనిక్ కమాండ్లతో తీసేయవచ్చు. విలువలు వేరైతే వాటిని యంత్రానికి వదిలేయకుండా మీరే చూడండి.

చివరిగా, సరిచూసుకోవడానికి పాత పద్ధతి సినాప్ అక్షర నివేదికలు దొరికితే వదలకండి. అందులో మొదటి భాగంలో ఆరుతో మొదలయ్యే అయిదంకెల గుంపు వర్షానిది: మధ్యలోని మూడంకెలు వర్షం, చివరి అంకె వ్యవధి. 60454 అని ఉంటే 45 మిల్లీమీటర్లు, చివరి 4 అంటే ఇరవై నాలుగు గంటలు. చివరి అంకె 1 అయితే ఆరు గంటలు, 2 అయితే పన్నెండు, 7 అయితే మూడు. మధ్యలో 990 ఉంటే తుంపర, 991 నుంచి 999 వరకు ఉంటే 0.1 నుంచి 0.9 మిల్లీమీటర్లు. గ్రెప్‌తో 43245తో మొదలయ్యే వరుసను పట్టుకుని, ఆ గుంపును మీ బఫర్ ఫలితం పక్కన పెట్టండి. రెండూ మిల్లీమీటరు లోపు తేడాతో కలిస్తే మీ రూల్స్ ఫైలు సరిగా ఉన్నట్లే. కలవకపోతే ఆ ఒక్క సందేశం బఫర్_డంప్ ఔట్‌పుట్‌ను, అన్‌ఎక్స్‌పాండెడ్‌డిస్క్రిప్టర్స్ కీ విలువతో సహా, ఇక్కడ పెట్టండి. ఆ కేంద్రం ఏ నమూనా వాడుతోందో చూసి చెప్పగలను.